తెలియని సరుకుకు ధరే రుచి

(విజయవాడ మొగల్రాజపురంలో కాలనీవాసుల ఆదివారం సమావేశంలో ఒక విశ్రాంత గృహవిజ్ఞాన అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. ఆ మైకు కాస్త తగ్గించు బాబూ, క్లాసులో గొంతు పెంచి పెంచి అలవాటైపోయిన మనిషిని నేను.

కార్యదర్శిగారు ఫోన్ చేసి పోషకాహారం మీద మాట్లాడమన్నారు. పోషకాహారం గురించి మీ ఫోన్లకి రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగుతో పాటు వస్తూనే ఉందండీ, నేను కొత్తగా చెప్పేదేముంది, బిల్లు గురించి మాట్లాడతానన్నాను. ఆయన నవ్వారు గానీ ఒప్పుకున్నారు.

ఇప్పుడు బెంజి సర్కిల్ వైపు వెళ్ళినా, బందరు రోడ్డు పట్టుకున్నా పెద్ద పెద్ద ఏసీ సూపర్ మార్కెట్లున్నాయి కదా. వాటిల్లో ఒక మూల లైట్లు కూడా వేరుగా ఉంటాయి. పసుప్పచ్చగా, నగల కొట్లో ఉన్నట్టు. అక్కడ ఆలివ్ నూనెలు, చీజులు, ఎండబెట్టిన టమోటాలు, నల్లటి వెనిగర్లు, గులాబీ రంగు ఉప్పు. కందిపప్పు, బట్టల సబ్బు కోసం వెళ్ళిన మనం ఆ మూల ఒక చుట్టు తిరిగొస్తాం. బిల్లు రెట్టింపవుతుంది. కొన్న సీసా ఒక్క ఆదివారం వాడతాం. ఆ తర్వాత అది ఫ్రిజ్ తలుపులో కాపురం పెడుతుంది. తలుపు వేసినప్పుడల్లా గలగలమంటూ ఉంటుంది, మనం కొన్నామని గుర్తు చేస్తూ. (నవ్వులు)

దీన్ని అందరూ జిహ్వచాపల్యం అంటారు, ఈ కాలం ఆడవాళ్ళ దుబారా అంటారు. నేను ఒప్పుకోను. రుచి కోసం డబ్బు పెట్టడం మన జిల్లాలకి కొత్తా? మా పుట్టిల్లు గుంటూరు బ్రాడీపేట. మా అమ్మ కారం పట్టించాలంటే అది ఒక యజ్ఞం. కొత్త పంట యార్డుకి దిగే రోజులు చూసుకుని మిరపకాయలు తెప్పించేది. కాయ చేత్తో విరిచి చూసేది, చెవి దగ్గర ఆడించి గింజ చప్పుడు వినేది, తొడిమ రంగు చూసేది. ఒక్క తాలుకాయ కనిపించినా తెచ్చినాయన్ని నిలదీసేది. రంగుకి బ్యాడిగి, ఘాటుకి తేజ, పచ్చడికి సన్నం అని ఆవిడ లెక్క ఆవిడకుండేది. ఆవకాయ రోజుల్లో నూనెకీ, ఆవపిండికీ, కాయకీ పెట్టిన డబ్బు చూస్తే మా నాన్నగారి జీతంలో పెద్ద ముక్కే. అయినా ఎవరూ దాన్ని దుబారా అనలేదు. ఎందుకంటే ఆ జాడీ మళ్ళీ వేసవికి అడుగంటేది.

అంత తెలిసిన మనిషిని తీసుకెళ్ళి ఆలివ్ నూనెల అర ముందు నిలబెట్టండి. విరిచి చూడ్డానికి లేదు, వాసన చూడనివ్వరు, సీసా నల్లది కాబట్టి రంగు కనపడదు. లేబుల్ మీద ఇటాలియన్ మాటలు. ఇక మిగిలిన గుర్తు ఏమిటి? ధర ఒక్కటే. తెలిసిన సరుకు దగ్గర మనం బేరమాడతాం, తెలియని సరుకు దగ్గర ధరనే గుణం అనుకుంటాం. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే. మిగతాదంతా దీని చుట్టూ తిరుగుడే.

దీని మీద ఒక తమాషా పరిశోధన ఉంది. 2008లో అచ్చయింది, అమెరికాలో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి చేశారు. కొంతమందికి వైన్ రుచి చూపించారు. ఒకే వైన్. ఒకసారి ఇది 5 డాలర్లదన్నారు, మరోసారి 45 డాలర్లదన్నారు. 45 అన్నప్పుడు ఎక్కువ బాగుందన్నారు జనం. ఏదో మొహమాటానికి అన్నారనుకుందామంటే, ఆ సమయంలో వాళ్ళ మెదడుని స్కాన్ చేస్తూనే ఉన్నారు. సంతోషం కలిగినప్పుడు చురుగ్గా ఉండే భాగం నిజంగానే ఎక్కువ చురుగ్గా ఉంది. అంటే వాళ్ళు అబద్ధమాడలేదు పాపం. ధర నాలిక మీదికి వచ్చి కూర్చుంది. పొరుగింటి పుల్లకూర రుచి అని మనవాళ్ళు ఏ స్కానూ లేకుండా ఎప్పుడో చెప్పారనుకోండి, అది వేరే సంగతి.

సరే, ఆ అరలో ఉన్న వస్తువుల దగ్గరికే వెళ్దాం. తెలియదు అన్నాను కాబట్టి తెలిసినంత చెప్పడం నా బాధ్యత.

ట్రఫుల్ నూనె. ట్రఫుల్ అంటే ఐరోపా అడవుల్లో చెట్ల వేళ్ళ దగ్గర నేలలోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగు లాంటిది. కుక్కల్ని వెంటబెట్టుకుని వాసన పట్టించి తవ్వుతారు, బంగారం లాంటి ధర. మరి చిన్న సీసా నూనె మనకి ఎలా అందుతోంది? బజార్లో ఉన్న ట్రఫుల్ నూనెల్లో చాలావాటిలో ట్రఫుల్ వాసన ప్రయోగశాల నుంచి వస్తుంది. 2,4-డైథయాపెంటేన్ అనే రసాయనం. అసలు ట్రఫుల్‌లోనూ అది ఉంటుంది, కానీ అక్కడ దానితో పాటు ఇంకా ఎన్నో వాసనలు కలిసి ఉంటాయి. నూనెలో ఇదొక్కటే గట్టిగా కొడుతుంది. లేబుల్ మీద సువాసన ద్రవ్యం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, ట్రఫుల్ బొమ్మ మాత్రం పెద్దదిగా ఉంటుంది.

బాల్సమిక్ వెనిగర్ ఇంకో కథ. ఇటలీలో మోదెనా అనే ఊళ్ళో సంప్రదాయ పద్ధతిలో చేసేదానికి ద్రాక్షరసం కాచి, చెక్క పీపాల్లో కనీసం 12 ఏళ్ళు ఉంచాలి. 100 మిల్లీలీటర్ల సీసాలో అమ్ముతారు, చుక్కలు చుక్కలుగా వాడతారు. మన సూపర్ మార్కెట్లో సలాడ్ మీద పోసుకోవడానికి దొరికేది దాని దూరపు చుట్టం. మోదెనా పేరు దానికీ ఉంటుంది, దానికీ ఒక ప్రమాణం ఉంది, కానీ వైన్ వెనిగర్ కలపొచ్చు, 60 రోజులుంటే చాలు. అది చెడ్డదని నేననడం లేదు. పుల్లగా తియ్యగా బాగానే ఉంటుంది. కానీ 12 ఏళ్ళ దాని పరువు చూసి 60 రోజుల దానికి ఎక్కువ ధర పెట్టడం ఎందుకు? చింతపండు రసంలో బెల్లం వేసి దగ్గరగా కాచే ఇళ్ళు మనవి, పులుపూ తీపీ మనకి ఒకళ్ళు నేర్పాలా?

వసాబి అని పచ్చటి ముద్ద ట్యూబుల్లో వస్తుంది. చాలావాటిలో ఉండేది హార్స్‌రాడిష్ అనే ఇంకో దుంప, ఆవపిండి, రంగు. అంతకన్నా చెప్పేదేం లేదు.

గులాబీ రంగు ఉప్పు మాత్రం కాస్త చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ బీపీ ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. హిమాలయన్ పింక్ సాల్ట్ అని ప్రపంచమంతా అమ్మేది ఎక్కువగా పాకిస్తాన్ పంజాబులోని ఖేవ్రా గనుల్లో తవ్వినది. మంచుకొండల మీద ఏరుకొచ్చింది కాదు. నూటికి 97, 98 పాళ్ళు సోడియం క్లోరైడే, మామూలు ఉప్పే. ఆ రంగు కాస్త ఇనుము వల్ల. మన పచారీ కొట్టాయన ఏకాదశి ఉపవాసాలకని కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే సైంధవ లవణం ఈ జాతిదే. పైగా చాలా ప్యాకెట్లలో అయోడిన్ కలపరు, వెనక చూసి కొనండి. పిల్లలూ గర్భిణులూ ఉన్న ఇంట్లో వంటంతా ఆ ఉప్పుతోనే చేసేయకండి. బీపీకి మంచిదని ఎవరో చెప్పారని రెండు చెంచాలు వేసుకునేవాళ్ళని చూశాను, నాకు భయమేసింది.

పార్మెసాన్ చీజ్ దగ్గర నేను కొంచెం మెత్తబడతాను. దీని ధర ఉత్త డాబు కాదు. ఇటలీలో పార్మా, రెజ్జో ఎమీలియా చుట్టుపక్కల చేసే అసలుది, ఒక్కో చక్రం దాదాపు 40 కిలోలుంటుంది. దానికి 500 లీటర్లకు పైగా పాలు పడతాయి. కనీసం 12 నెలలు అరల మీద పండబెట్టాలి. కొన్ని రకాలు 24 నెలలు కూడా ఉంచుతారు. అన్ని పాలు, అంత ఓపిక, ఇక చవగ్గా ఎలా వస్తుంది? పండినకొద్దీ దానిలో గ్లూటమేట్ అనేది విడివడుతుంది. నోట్లో నీళ్ళూరించే ఆ కమ్మదనం దానిదే. ఈ కమ్మదనం మనకి తెలియంది కాదు. బాగా పండిన టమోటాలోనూ ఉంది, ఎండు రొయ్యల్లోనూ ఉంది. వంకాయ కూరలో గుప్పెడు ఎండు రొయ్యలు వేస్తే వీధి చివరిదాకా ఎందుకు తెలుస్తుందనుకున్నారు?

అయితే రెండు సంగతులు. ఐరోపాలో పార్మెసాన్ అనే పేరుకి చట్టరక్షణ ఉంది, అక్కడ ఎవరుపడితే వాళ్ళు వాడకూడదు. మన దగ్గర డబ్బా మీద ఆ పేరున్నంత మాత్రాన లోపల ఉన్నది ఆ ఊరిదని కాదు. రెండోది, శాకాహారులు వినండి. అక్కడి సంప్రదాయ పద్ధతిలో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. మనకి దొరికేవాటిలో వేరే రకం రెన్నెట్‌తో చేసినవి ఉంటాయి. పచ్చచుక్క చూసుకుని తీసుకోండి. కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా మానేసినవాళ్ళు దీని గురించి అడగకపోతే ఎలా?

ఇప్పుడు కొట్టు సంగతి. మనం ఊరికే మోసపోతున్నామా, వాళ్ళు మోసం చేస్తున్నారా అని అడుగుతారు. మోసం అనను. ఏర్పాటు అంటాను. మన పాత కిరాణా కొట్లో బల్లకి అవతల సరుకు, ఇవతల మనం. వన్‌టౌన్‌లో ఇప్పటికీ అలాంటివి ఉన్నాయి. చీటీ ఇస్తాం, ఆయన కడతాడు. చీటీలో లేనిది చేతికి రాదు. 1916లో అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్ళో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన ఆ బల్ల తీసేశాడు. పిగ్లీ విగ్లీ అని కొట్టు పేరు. లోపలికి రండి, మీరే తీసుకోండి అన్నాడు. ఒక ద్వారంలో వెళ్తే సరుకంతా చూసుకుంటూ తిరిగి, డబ్బు కట్టే చోటికి తేలాలి. 1937లో ఓక్లహోమాలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే ఇంకో కొట్టాయన చూశాడు, బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని. చక్రాల బండి చేయించాడు. మొదట ఎవరూ ముట్టుకోలేదట. అప్పుడు మనుషుల్ని కూలికి పెట్టి, కొనేవాళ్ళలాగా బళ్ళు తోయించాడు. వాళ్ళని చూసి మిగతావాళ్ళు తోశారు. ఇవాళ మనం తోస్తున్నాం.

ఇలాంటి ఖరీదైన కిరాణా కొట్లోనే జరిగిన ఒక ప్రయోగం 2000లో అచ్చయింది. కాలిఫోర్నియాలో షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ అనే ఇద్దరు చేశారు. కొట్లో రుచి చూడ్డానికి జామ్ సీసాలు పెట్టారు. ఒకసారి 24 రకాలు, ఒకసారి 6 రకాలు. 24 పెట్టినప్పుడు అటుగా వెళ్ళేవాళ్ళలో 60 శాతం మంది ఆగారు, కానీ ఆగినవాళ్ళలో కొన్నది 3 శాతమే. 6 పెట్టినప్పుడు 40 శాతమే ఆగారు, వాళ్ళలో 30 శాతం కొన్నారు. తర్వాత ఇతరులు ఇలాంటివి చేస్తే అన్నిచోట్లా ఇదే ఫలితం రాలేదు, కాబట్టి దీన్ని వేదవాక్కుగా పట్టుకోకండి. నాకు దీనిలో నచ్చింది వేరు. ఎక్కువ సరుకు మనల్ని నిలబెడుతుంది, తక్కువ సరుకు కొనిపిస్తుంది. అందుకే అర నిండా ముప్పై నూనెలున్నా, మన కంటి ఎత్తులో పెట్టేవి మూడో నాలుగో. లెక్క కోసం 600, 900, 2,400 అనుకోండి. 600ది చవకేమో అనిపిస్తుంది, 2,400ది మనకెందుకు అనిపిస్తుంది. చెయ్యి 900 దాని మీదికి వెళ్తుంది. చాలా పొదుపుగా కొన్నామనే తృప్తితో ఇంటికొస్తాం! ఆ 2,400 సీసా అమ్ముడుపోకపోయినా దాని పని అది చేసేసింది.

డబ్బు కట్టే తీరు కూడా ఒకటి. 2001లో అచ్చయిన ఇంకో పరిశోధన కోసం అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో బాస్కెట్‌బాల్ ఆట టికెట్లు వేలం పెట్టారు. కొందర్ని రొక్కం కట్టాలన్నారు, కొందర్ని కార్డు మీద కట్టాలన్నారు. కార్డువాళ్ళు దాదాపు రెట్టింపు పాడారు. ఇప్పుడు మనకి కార్డు తియ్యాల్సిన శ్రమ కూడా లేదు, ఫోన్ చూపిస్తే టింగుమంటుంది.

ఇంకో వింత. ఆ గోర్మే మూలలోనే, అదే ఆ ఖరీదైన రుచుల మూలలోనే, మన సరుకు మనకే వేషం మార్చుకుని కనిపిస్తుంది. పల్నాటి జొన్నకూడుని వెక్కిరిస్తూ పాతకాలం కవిగారు చెప్పిన చాటువులు మన తెలుగు మేష్టార్లు చదివి నవ్వించేవారు. ఆ జొన్నలే ఇప్పుడు గ్లూటెన్ లేని పిండి, అంటే గోధుమల్లో ఉండే జిగురు లేని పిండి అని గోధుమరంగు కాగితం సంచిలో, కిటికీ పెట్టి మరీ అమ్ముతున్నారు. కొర్రలూ అంతే. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నాక సంచి ఇంకా చిన్నదైంది, ధర ఇంకా పెద్దదైంది. ఒమేగా-3 అనే మంచి కొవ్వు కోసం చియా గింజలు కొంటున్నారు, మంచిదే, వాటిలో ఉంది. అవిసె గింజల్లోనూ దండిగా ఉంది. అవిసె గింజల కారప్పొడి చెయ్యడం ఈ హాల్లో సగం మందికి వచ్చు. చెయ్యట్లేదు, ఎందుకంటే దానికి కిటికీ ఉన్న సంచి లేదు.

అలాగని ఆ మూలకి వెళ్ళొద్దని నేననను. నేను వెళ్తాను. కొత్త రుచి తెలుసుకోవాలనే కోరిక మంచి వంటమనిషికి ఉండాల్సిందే. టమోటా, మిరపకాయ మన ఊరివా? మిరపకాయ కూడా సముద్రాలు దాటొచ్చిందే, ఎవరో ఒకరు మొదట కొని ఉంటారు కదా. నేను అడిగేది ఒకటే, కొన్నదాన్ని అయిపోగొట్టండి. ధరని సీసాతో చూడకండి, ఎన్ని కంచాల్లోకి వెళ్ళిందో దానితో భాగించండి. 900 రూపాయల నూనె మూడు కంచాల్లోకి వెళ్తే కంచానికి 300. అదే తొంభై కంచాల్లోకి వెళ్తే పది రూపాయలు. అప్పుడది ఖరీదైనదే కాదు. పైగా అడుగంటేదాకా వాడితే గానీ దాని రుచి మీకు పట్టుబడదు. రెండో సీసా కొనేటప్పుడు మా అమ్మ మిరపకాయ విరిచినంత ధైర్యంగా కొంటారు. మొదటి సీసా అవ్వకుండా పక్కన ఇంకో కొత్త రకం తెచ్చేవాళ్ళు ఎప్పటికీ తెలియనివాళ్ళుగానే ఉండిపోతారు, ఎప్పటికీ ధర చూసే కొంటారు.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక్కి తిప్పండి. మొత్తం ధరే కాకుండా గ్రాముకి ఎంత, మిల్లీలీటరుకి ఎంత అని కూడా ఇప్పుడు ముద్రించాలి. కిలో పైబడితే కిలోకి వేస్తారు. 40 గ్రాముల సీసా పక్కన 200 గ్రాములది పెట్టి ఆ చిన్న అంకె చూడండి, చాలా భ్రమలు పోతాయి. కానీ కొత్త వస్తువైతే, గ్రాముకి ఎక్కువ పడినా చిన్నదే కొనండి. ఇది నా కామర్స్ స్నేహితురాలు ఒప్పుకోదు, నేను మాత్రం ఇదే చెప్తాను.

అమెరికా నుంచి పిల్లలొస్తున్నారని అవకాడోలు, చీజులు తెచ్చి నింపే తల్లులు కూడా ఉన్నారిక్కడ. పిల్లలు దిగగానే అడిగేది గోంగూర పచ్చడి. ఆ అవకాడో మూడోరోజుకి నల్లబడుతుంది, మనింట్లో ఎవరూ తినరు. (నవ్వులు) సరే, నా మాటలు అయిపోయాయి, ఏమైనా అడగండి.

ప్రశ్న: మేడమ్, సగం వాడిన ఆలివ్ నూనె ఏడాదిగా ఉంది. పారెయ్యాలా?

ముందు వాసన చూడండమ్మా. పాతబడిన వేరుశనగపప్పు వాసన వస్తే వంటకి పనికిరాదు. స్టవ్ పక్కన పెట్టారా? చూశారా, అక్కడే చెడేది. వేడీ వెలుతురూ దానికి పడవు, మన రోహిణీకార్తెకి అసలే పడదు. మూత తీశాక కొన్ని నెలల్లో వాడెయ్యాలి. ఇంకా బాగుంటే, ఇడ్లీలోకి కారప్పొడి మీద నెయ్యి బదులు అదే వేసుకోండి. కందిపొడి అన్నంలోకి కూడా. నెల తిరక్కుండా ఖాళీ అవుతుంది. ఎక్స్‌ట్రా వర్జిన్ అని రాసున్న నూనెని, అంటే శుద్ధి చెయ్యకుండా పిండిన నూనెని, బజ్జీల మూకుట్లో పొయ్యకండి. మీరు డబ్బు పెట్టిన ఆ వాసనంతా కాగి పోతుంది.

ప్రశ్న: కుంకుమపువ్వు అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

గోరువెచ్చటి నీళ్ళలో రెండు పోగులు వెయ్యండి. అసలుదైతే రంగు మెల్లగా, పసుపుగా దిగుతుంది, పోగు ఎర్రగానే ఉంటుంది. గభాలున ఎర్రరంగు వదిలి పోగు తెల్లబడితే అది రంగేసిన సరుకు. కిలో కావాలంటే లక్ష పైచిలుకు పువ్వులు చేత్తో గిల్లాలి, కాబట్టి చవగ్గా ఇస్తానన్నవాణ్ణి నమ్మకండి. ఇక్కడ మాత్రం తక్కువ ధరే అనుమానించాల్సింది. ఒక గ్రాము చాలు, ఏడాది పాయసాలకి సరిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ట్రఫుల్ నూనె తెచ్చాడండీ. మీరు రసాయనం అన్నారు. మరి వాడొచ్చా?

వాడండి. బంగాళదుంప వేపుడు దించాక రెండంటే రెండు చుక్కలు వేసి కలపండి. వనిల్లా ఎసెన్స్ వేసిన ఐస్‌క్రీమ్ మనం తినడం లేదా? ఏం తింటున్నామో తెలిసి తింటే దానిలో తప్పేం లేదు. పిల్లలకి నచ్చితే వారంలో సీసా ఖాళీ. నచ్చకపోతే మా ఇంటికి పంపించండి, ఫ్లాట్ నంబరు కార్యదర్శిగారికి తెలుసు. (నవ్వులు, చప్పట్లు)